అసెంబ్లీ ‘రద్దు’కి ఒక ఇంగ్లిష్ మాట, మండలి ‘రద్దు’కి ఇంకో మాట ఎందుకు? పాలన, చట్టం, రూల్స్ గురించి ఇంగ్లిష్‌లో రాసేవాళ్ల కోసం

అశోక్‌నగర్ అభ్యర్థి, రాత్రి 9:40

అందరికీ నమస్తే. మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-1కి చదువుతున్నాను. బడి నుంచి డిగ్రీ దాకా తెలుగు మీడియమే. పాలిటీ అంటే చాలా ఇష్టం, తెలుగులో ఎంత అడిగినా రాస్తాను. టెన్షన్ అంతా మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ పేపర్ గురించే. ఆ మార్కులు ర్యాంకులో కలవవు కానీ, అందులో అర్హత మార్కులు రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు.

పోయిన ఆదివారం ఒక మాక్ టెస్ట్ రాశాను. మన రాష్ట్రంలో ప్రజాస్వామ్యం మీద వ్యాసం. పేపర్ చేతికొచ్చాక చూస్తే ఎర్ర ఇంకుతో పదకొండు చోట్ల సున్నా చుట్టారు. గ్రామర్ తప్పులు రెండే. మిగతా తొమ్మిది చోట్ల పక్కన ‘రాంగ్ వర్డ్’ అని ఉంది. సరైన మాట ఏమిటో మాత్రం రాయలేదు. కొన్ని ఇక్కడ పెడుతున్నాను.

‘ది గవర్నర్ క్యాన్సిల్డ్ ది అసెంబ్లీ ఇన్ 2018.’
‘ది మినిస్టర్ రిజైన్డ్ టు ది పోస్ట్.’
‘ది పోలీస్ ఆర్ నాట్ ఇంప్లిమెంటింగ్ ట్రాఫిక్ రూల్స్.’
‘పీపుల్ పుట్ దెయిర్ ఓట్స్ ఇన్ ఎలక్షన్స్.’

నాకు తెలిసినంతలో రద్దు అంటే క్యాన్సిల్, అమలు అంటే ఇంప్లిమెంట్. మరి తప్పెక్కడ? ఇంగ్లిష్‌తో రోజూ పనిచేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

నైట్ డెస్క్, రాత్రి 10:55

తమ్ముడూ, నేను ఒక తెలుగు పత్రికలో సబ్ ఎడిటర్‌ని. పదిహేనేళ్లుగా రాత్రిళ్లు ఏజెన్సీ వార్తలు తెలుగు చేస్తున్నాను. అటు నుంచి ఇటు వచ్చేటప్పుడు ఆరేడు ఇంగ్లిష్ మాటలు ఒక్క తెలుగు మాటలో కలిసిపోతాయి. మాకు హాయి. నువ్వు ఇటు నుంచి అటు వెళ్తున్నావు. ఒక దారి ఆరేడుగా చీలుతుంది. నీ తప్పుకి కారణం అదే, నీకు సబ్జెక్ట్ రాక కాదు.

‘రద్దు’నే తీసుకో. 2018 సెప్టెంబర్ 6న తెలంగాణ అసెంబ్లీ రద్దయింది. మంత్రివర్గం సిఫారసు చేసింది, గవర్నర్ రద్దు చేశారు. ఇంగ్లిష్‌లో ‘ది క్యాబినెట్ రికమెండెడ్ ది డిజొల్యూషన్’, ‘ది గవర్నర్ డిజాల్వ్డ్ ది అసెంబ్లీ’. 1985లో ఎన్టీఆర్ హయాంలో శాసన మండలి రద్దయింది. తెలుగులో అక్కడా రద్దే. ఇంగ్లిష్‌లో మాత్రం ‘ది కౌన్సిల్ వాజ్ అబాలిష్డ్’. అక్కడ డిజాల్వ్ రాస్తే అర్థమే తప్పు.

ఎందుకంటే అసెంబ్లీకి అయిదేళ్ల గడువు ఉంటుంది. ముందే రద్దు చేసినా సభ అనే వ్యవస్థ పోదు, ఎన్నికలు పెట్టి కొత్త సభ్యులతో మళ్లీ నింపుతారు. అది డిజాల్వ్. మండలి శాశ్వత సభ, దాన్ని డిజాల్వ్ చేయడం కుదరదని రాజ్యాంగం 172వ అధికరణమే చెబుతుంది. రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు దిగిపోతుంటారు తప్ప సభ మొత్తం ఒకేసారి ఖాళీ అవదు. 1985లో ఆ వ్యవస్థనే తీసేశారు. అందుకే అబాలిష్. 2007లో మళ్లీ తెచ్చినప్పుడు ‘రివైవ్డ్’ అన్నారు. నువ్వు పాలిటీ చదివావు కాబట్టి ఈ తేడా నీకు ముందే తెలుసు. దానికి ఇంగ్లిష్‌లో రెండు పేర్లున్నాయని మాత్రమే తెలియలేదు.

ఇలాగే చట్టం రద్దు ‘రిపీల్’. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌ను రిపీల్ చేసి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత తెచ్చారు. జమీందారీ, జాగీర్దారీ లాంటి పద్ధతులు పోవడం ‘అబాలిష్’. 1971లో రాజభరణాలు పోవడం కూడా అదే మాట. జమ్మూకశ్మీర్ ప్రత్యేక హోదాకి చెందిన 370వ అధికరణం విషయంలో పత్రికలన్నీ ‘అబ్రొగేట్’ రాశాయి. 2016 నవంబర్ 8 నాటి నోట్ల రద్దు ‘డీమానిటైజేషన్’. లైసెన్సో అనుమతో వెనక్కి లాక్కుంటే ‘రివోక్’. రైలు, పరీక్ష, మీటింగ్ లాంటివి రద్దయితేనే నువ్వు రాసిన ‘క్యాన్సిల్’. జరగాల్సింది జరగకుండా పోతే క్యాన్సిల్ అనుకో. అసెంబ్లీ జరగాల్సిన ఫంక్షన్ కాదు కదా, అక్కడ అది నప్పదు.

మిగతావి ఎవరైనా అందుకోండి. రెండో ఎడిషన్ పేజీలు ఉన్నాయి.

గచ్చిబౌలి క్యూబికల్, రాత్రి 11:10

అక్కా, మీరు చెప్పింది బాగుంది. కానీ నాకో సందేహం. మా ఆఫీసులో అన్ని రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. అసెంబ్లీ క్యాన్సిల్ అన్నా అందరికీ అర్థమవుతుంది. అర్థమైనప్పుడు ఇంత భారం ఎందుకు పెట్టుకోవాలి? ఉన్న సమయం చదవాల్సిన సబ్జెక్ట్ మీద పెడితే తమ్ముడికి మేలు కదా.

హైకోర్టు గుమస్తా, రాత్రి 11:35

గచ్చిబౌలి సార్, మాట్లాడుకునేటప్పుడు మీరన్నది నిజమే. కాగితం మీదికి వచ్చేసరికి అలా ఉండదు. ఒక సంగతి చెబుతాను.

నేను ఒక అడ్వకేట్ గారి దగ్గర ఇరవై ఏళ్లుగా గుమస్తాని. ఇల్లు ఖాళీ చేయించే కేసులో మా క్లయింటు కిరాయిదారు. కింది కోర్టు ఉత్తర్వు మీద స్టే తెచ్చుకున్నాం. కొన్ని నెలలకు ఆ స్టే ఎత్తేశారు. ‘ది స్టే ఈజ్ వెకేటెడ్’ అని ఆర్డర్‌లో ఒక లైన్. ఆయన కొడుకు డిగ్రీ చదివాడు, ఫోన్‌లో అది చూసి ‘వెకేట్ అన్నారు నాన్నా, ఇల్లు ఖాళీ చేయాలంట’ అన్నాడు. సాయంత్రం నేను వెళ్లేసరికి స్టవ్ విప్పి గోనె సంచిలో పెట్టారు, దేవుడి పటాలు గోడ నుంచి దించి దుప్పట్లో చుట్టారు. ఆ ముసలమ్మ గడప మీద కూర్చుని ఏడుస్తోంది. స్టే పోయింది నిజమే, కానీ అప్పీలుకి ఇంకా గడువుంది. ఆ రాత్రి ఎవరూ బయటికి వెళ్లాల్సిన పని లేదు. ఒక మాట పక్కన ఇంకో మాట ఏది వస్తే ఏ అర్థమో తెలియకపోతే ఇంత దూరం వస్తుంది.

స్టే ‘గ్రాంట్’ చేస్తారు, ‘ఎక్స్‌టెండ్’ చేస్తారు, ‘వెకేట్’ చేస్తారు. నిషేధం, కర్ఫ్యూ, లాక్‌డౌన్ అయితే ‘లిఫ్ట్’. తెలుగులో అన్నీ ఎత్తేయడమే.

తమ్ముడూ, నీ రద్దు జాబితాకి కోర్టు వైపు నుంచి ఇంకొన్ని. చట్టాన్ని చట్టసభ తీసేస్తే ‘రిపీల్’. అదే చట్టం రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేస్తే ‘స్ట్రైక్ డౌన్’. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌ను 2015 మార్చి 24న సుప్రీంకోర్టు స్ట్రైక్ డౌన్ చేసింది. చట్టం చెల్లుతుందంటే ‘అప్‌హోల్డ్’. ప్రభుత్వ ఉత్తర్వునో ఎఫ్ఐఆర్‌నో కొట్టేస్తే ‘క్వాష్’. కింది కోర్టు తీర్పును పక్కన పెడితే ‘సెట్ ఎసైడ్’. ఎన్నిక చెల్లదంటే ‘డిక్లేర్ వాయిడ్’. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు ఇందిరాగాంధీ ఎన్నిక విషయంలో చేసింది అదే. ఎవరు కొట్టేశారన్నది ఆ క్రియలోనే తెలిసిపోతుంది. ‘సుప్రీంకోర్టు రిపీల్డ్ ది లా’ అని రాస్తే దిద్దేవాళ్లకి నీకు అధికార విభజన తెలియదేమో అన్న అనుమానం వస్తుంది.

గచ్చిబౌలి క్యూబికల్, రాత్రి 11:48

అన్నా, ఇది నాకు తట్టలేదు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ కుటుంబానికి తర్వాత అప్పీలులో ఏమైంది?

హైకోర్టు గుమస్తా, రాత్రి 11:52

రాజీ అయింది సార్. ఆరు నెలలు టైమిచ్చారు.

రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్, సికింద్రాబాద్, ఉదయం 6:20

బాబూ, నీ వాక్యాలు చదివాను. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ చెప్పాను. ఈ తప్పులు నా పిల్లలందరూ చేశారు. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, నీ తెలుగు గట్టిగా ఉన్నందువల్ల వచ్చిన తప్పులివి.

‘రిజైన్డ్ టు ది పోస్ట్’ చూడు. పదవికి రాజీనామా అంటాం. ఆ ‘కి’ నీ చేత ‘టు’ రాయించింది. ఇంగ్లిష్‌లో పదవి నుంచి బయటికి వస్తారు, ‘రిజైన్డ్ ఫ్రమ్ ది పోస్ట్’. లేదంటే ‘రిజైన్డ్ యాజ్ మినిస్టర్’. చట్టం గురించి చర్చించారు అంటాం, అందుకని ‘డిస్కస్డ్ అబౌట్ ది బిల్’ వస్తుంది. ‘డిస్కస్డ్ ది బిల్’ చాలు. ఎన్నికల్లో పోటీ చేశారు కాబట్టి ‘కంటెస్టెడ్ ఇన్ ది ఎలక్షన్’ రాస్తారు. ‘కంటెస్టెడ్ ది ఎలక్షన్’ సరిపోతుంది. ఓటు వేయడం ‘పుట్’ కాదు, ‘క్యాస్ట్’. ‘పీపుల్ క్యాస్ట్ దెయిర్ ఓట్స్.’ భూతకాలంలోనూ క్యాస్టే, ‘క్యాస్టెడ్’ అని రాయకు.

ఇక ‘అమలు’. నా దృష్టిలో రద్దు కన్నా దీనితోనే ఎక్కువ చిక్కు. పథకం అమలు, ట్రాఫిక్ రూల్స్ అమలు, ఉరిశిక్ష అమలు, ఎన్నికల కోడ్ అమల్లోకి రావడం. నాలుగూ వేరు. పథకమో విధానమో సిఫారసో కాగితం మీద నుంచి పనిలోకి దిగితే ‘ఇంప్లిమెంట్’. మధ్యాహ్న భోజన పథకాన్ని ఇంప్లిమెంట్ చేస్తారు. జనం పాటించకపోతే పట్టుకుని పాటించేలా చేయడం ‘ఎన్‌ఫోర్స్’. చిక్కడపల్లి సిగ్నల్ దగ్గర రోజూ చూస్తుంటావు కదా, హెల్మెట్ లేకుండా వెళ్లే బండి నంబర్ ప్లేటుకి కానిస్టేబుల్ ఫోటో తీస్తుంటాడు. ఆయన చేస్తున్నది ఎన్‌ఫోర్స్. ఆ మాట లోపలే ‘ఫోర్స్’ ఉంది, అది చూసి గుర్తుపెట్టుకో. శిక్ష అమలు ‘క్యారీ అవుట్ ది సెంటెన్స్’ లేదా ‘ఎగ్జిక్యూట్’. చట్టమో కోడో ఒక తేదీ నుంచి అమల్లోకి వస్తే ‘కమ్ ఇంటు ఫోర్స్’. మన రాజ్యాంగాన్ని 1949 నవంబర్ 26న ‘అడాప్ట్’ చేసుకున్నాం, 1950 జనవరి 26న అది ‘కేమ్ ఇంటు ఫోర్స్’. ఆ రెండు తేదీలూ ఈ రెండు మాటలతో కలిపి రాసుకో, ఇక మర్చిపోవు.

మందు వేసుకోవాలి, మళ్లీ వస్తాను.

అమీర్‌పేట్ హాస్టల్, ఉదయం 8:05

మేడం, నేను ఐఈఎల్‌టీఎస్‌కి తయారవుతున్నాను. స్పీకింగ్‌లో ‘మీ బడిలో రూల్స్ ఎలా ఉండేవి’ లాంటి ప్రశ్నలు వస్తాయి. నాకు ఫాలో, బ్రేక్ ఈ రెండే వచ్చు. మా హాస్టల్ గోడ మీద అయిదు రూల్స్ అంటించారు. రాత్రి 9:30కి గేటు మూస్తారు, రూములో ఇండక్షన్ స్టవ్ పెట్టకూడదు, లేటైతే ఫైన్. వీటి గురించి చక్కగా ఎలా మాట్లాడాలో చెప్తారా?

రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్, సికింద్రాబాద్, ఉదయం 8:50

అమ్మా, మీ హాస్టల్ కథే ఇంగ్లిష్‌లో చెప్పుకుందాం. ఓనరమ్మ రూల్స్ పెట్టింది, ‘షి లెయిడ్ డౌన్ ది రూల్స్’. ‘పుట్ రూల్స్’ అనకు. అవి కఠినంగా ఉన్నాయి, ‘స్ట్రిక్ట్ రూల్స్’. ‘టైట్ రూల్స్’ అనరు, కానీ ఉన్నవాటిని ఇంకా బిగిస్తే ‘టైటెన్ ది రూల్స్’ అంటారు. చట్టమైతే స్ట్రిక్ట్‌తో పాటు ‘స్ట్రింజెంట్’ వస్తుంది. అందరూ పాటించాలి, ‘ఎవ్రీవన్ హ్యాజ్ టు అబైడ్ బై ది రూల్స్’. అబైడ్ పక్కన ‘బై’, కంప్లై పక్కన ‘విత్’, ఒబే పక్కన ఏదీ ఉండదు. నువ్వు గేటు మూశాక వచ్చావు, ‘ఐ బ్రోక్ ది రూల్’. వాచ్‌మన్ తాత ఎరిగినవాడు కాబట్టి చూసీచూడనట్టు తలుపు తీశాడు, ‘హి బెంట్ ది రూల్స్ ఫర్ మి’. రూల్ విరగలేదు, కొంచెం వంగింది. పరీక్షల వారం అని ఓనరమ్మే గంట సడలించింది, ‘షి రిలాక్స్డ్ ది రూల్’. నీ ఒక్కదానికి మినహాయింపు ఇస్తే ‘షి మేడ్ యాన్ ఎక్సెప్షన్’. ఫైన్ వేస్తే ‘ఇంపోజ్’, నువ్వు కడితే ‘పే’. వేసిన ఫైన్ వదిలేస్తే ‘వేవ్’. రుణమాఫీని ‘లోన్ వేవర్’ అనేది అందుకే.

స్టవ్ పెట్టకూడదని తెలిసీ ఎవరైనా రోజూ బాహాటంగా వండుకుంటే దానికి ‘ఫ్లౌట్’ ఉంది. పేపర్లలో నిబంధనలను తుంగలో తొక్కారు అని రాస్తారే, అచ్చంగా అదే. పొరపాటున తప్పితే ఈ మాట వాడకూడదు.

పాతబస్తీ పెద్దాయన, ఉదయం 10:15

అందరూ మంచి మాటలు చెబుతున్నారు. నాకు డెబ్బై దాటాయి, లాల్ దర్వాజ దగ్గర ఉంటాను. ‘రిలాక్స్’ అనే మాట చదవగానే 1990 డిసెంబర్ గుర్తొచ్చింది. పాతబస్తీలో కర్ఫ్యూ. పొద్దున రేడియోలో ‘కర్ఫ్యూ విల్ బి రిలాక్స్డ్’ అని వినపడితే చాలు, స్టీల్ క్యాను పట్టుకుని పాలకు పరుగెత్తేవాళ్లం. ‘లిఫ్టెడ్’ అన్నారా ‘రిలాక్స్డ్’ అన్నారా అని ఇంట్లో అందరం చెవులు రిక్కించి వినేవాళ్లం. రిలాక్స్ అంటే రెండు గంటలు. లిఫ్ట్ అంటే పిల్లలు బడికి వెళ్లొచ్చు. ఆ రెండు మాటల తేడా ఆ నెలలో మా గల్లీలో చదువురాని ఆడవాళ్లకు కూడా తెలుసు.

అభ్యర్థి బాబుకి ఒక మాట. ఈ రద్దు, అమలు, వాయిదా, దాఖలు, జారీ, బర్తరఫ్ అన్నీ పాత దఫ్తర్ల నుంచి వచ్చినవే. నిజాం కాలంలో ఇక్కడి దఫ్తర్ల భాష ఉర్దూ. మా నాన్న ఆ భాషలోనే అర్జీలు రాసేవారు. వీటిలో కొన్నిటికి ఇంగ్లిష్‌లో సూటిగా ఒకే జోడీ ఉంది. పిటిషనైనా నామినేషనైనా దాఖలు ‘ఫైల్’. ఉత్తర్వైనా నోటిఫికేషనైనా జారీ ‘ఇష్యూ’. బర్తరఫ్ ‘డిస్మిస్’. 1984 ఆగస్టులో గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని డిస్మిస్ చేశారు, నాదెండ్ల భాస్కరరావు ‘వాజ్ స్వోర్న్ ఇన్’. ఆయన ‘కుడ్ నాట్ ప్రూవ్ హిజ్ మెజారిటీ’. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ నెల రోజులూ మేం ఈ మాటలన్నీ రోజూ విన్నాం.

నీ వ్యాసం మన రాష్ట్ర ప్రజాస్వామ్యం మీద కదా, హైదరాబాద్ కథలోనే వ్యవస్థల పేర్లన్నీ వస్తాయి. నిజాం పాలన ‘యాబ్సొల్యూట్ మోనార్కీ’. బ్రిటన్‌లో ఉన్నది ‘కాన్‌స్టిట్యూషనల్ మోనార్కీ’. 1947 నవంబర్‌లో నిజాం భారత ప్రభుత్వంతో ‘స్టాండ్‌స్టిల్ అగ్రిమెంట్’, అంటే యథాతథ ఒప్పందం, మీద సంతకం చేశారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1950 జనవరి 26 నుంచి వెల్లోడి ముఖ్యమంత్రి, ఆయన్ని నియమించారు, ‘అపాయింటెడ్’. 1952లో ఎన్నికలు జరిగి బూర్గుల రామకృష్ణారావు వచ్చారు, ఆయనది ‘ఎలెక్టెడ్ గవర్నమెంట్’. నిజాం 1956 దాకా రాజ్‌ప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి పదవిలో, ‘హెల్డ్ ఆఫీస్’. ఆఫీస్‌ని హోల్డ్ చేయడం అంటే పదవిలో ఉండడం. ఎలక్షన్లూ హోల్డ్ చేస్తారు.

డాలస్ హైదరాబాదీ, మధ్యాహ్నం 12:30

పెద్దాయనకు నమస్కారాలు, మా అమ్మమ్మవాళ్లది శాలిబండ. ఒక జాగ్రత్త చెప్పాలి. బిల్లును ‘టేబుల్’ చేశారు అంటే ఇండియాలో, బ్రిటన్‌లో సభ ముందు పెట్టారని. ఇక్కడ అమెరికాలో సరిగ్గా ఎదురు, చర్చను పక్కన పెట్టేశారని. నేను వచ్చిన కొత్తలో సిటీ కౌన్సిల్ మీటింగ్‌కి వెళ్తే మా వీధి దీపాల తీర్మానాన్ని టేబుల్ చేశామన్నారు, చర్చకు తీసుకున్నారనుకుని సంతోషంగా ఇంటికొచ్చాను. వారం తర్వాత పక్కింటాయన చెప్తే తెలిసింది. తమ్ముడు పరీక్షలో ‘ఇంట్రడ్యూస్డ్ ది బిల్’ రాస్తే ఏ గొడవా ఉండదు. పోటీ చేయడానికి కూడా ఇక్కడ ‘రన్ ఫర్ ఆఫీస్’ అంటారు, ‘కంటెస్ట్’ మన దగ్గర బాగా వాడతారు.

అశోక్‌నగర్ అభ్యర్థి, మధ్యాహ్నం 2:10

లైబ్రరీలో కూర్చుని ఇవన్నీ నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నాను. అందరికీ చాలా కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. వాయిదా అంటే ‘పోస్ట్‌పోన్’ అని రాశాను, అక్కడా సున్నా చుట్టారు. ‘ది స్పీకర్ పోస్ట్‌పోన్డ్ ది హౌస్’ అని నా వాక్యం. రెండోది, మూడు వ్యవసాయ చట్టాలను ‘విత్‌డ్రా’ చేశారు అని రాశాను. పేపర్లో ఉపసంహరణ అనే చదివాను మరి.

నైట్ డెస్క్, మధ్యాహ్నం 3:40

ఉపసంహరణ అని మేమే రాశాం, ఆ తప్పులో మా వాటా ఉంది తమ్ముడూ. ఇంకా చట్టం కాని బిల్లును వెనక్కి తీసుకుంటే ‘విత్‌డ్రా’. 2019 నాటి వ్యక్తిగత డేటా రక్షణ బిల్లును 2022 ఆగస్టులో అలాగే విత్‌డ్రా చేశారు. వ్యవసాయ చట్టాలు 2020లోనే పార్లమెంటు ‘పాస్’ చేసి, రాష్ట్రపతి ‘అసెంట్’ (ఆమోదం) ఇచ్చినవి. వాటిని తీసేయడానికి 2021 నవంబర్‌లో ఇంకో బిల్లు పాస్ చేయాల్సి వచ్చింది. కాబట్టి ‘రిపీల్’.

వాయిదాకి నాలుగు ముఖాలు. పరీక్షో పెళ్లో తర్వాతి తేదీకి జరిపితే ‘పోస్ట్‌పోన్’. నడుస్తున్న సభను మధ్యాహ్నానికో రేపటికో ఆపితే ‘ఎడ్జర్న్’. మళ్లీ ఎప్పుడో చెప్పకుండా ముగిస్తే ‘ఎడ్జర్న్డ్ సైనీ డై’, మేం నిరవధిక వాయిదా అంటాం. ఆ సమావేశాలనే అధికారికంగా ముగిస్తూ గవర్నర్ ఉత్తర్వు ఇస్తే ‘ప్రొరోగ్’. స్పీకర్ ఎడ్జర్న్ చేస్తారు, గవర్నర్ ప్రొరోగ్ చేస్తారు, ఈ రెండూ కలపకు. నెలనెలా అప్పు కట్టే వాయిదా ‘ఇన్‌స్టాల్‌మెంట్’, దాని సంగతి ఇక్కడ వద్దు.

ఒక పని చేసి చూడు. మంత్రుల ప్రమాణ స్వీకారం టీవీలో ఎన్నోసార్లు విని ఉంటావు. రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత చూపుతానని అంటారు కదా. ఇంగ్లిష్ ప్రమాణంలో అది ‘బేర్ ట్రూ ఫెయిత్ అండ్ అలీజియన్స్’. మనం చూపుతాం, వాళ్లు మోస్తారు. సార్వభౌమాధికారాన్ని కాపాడతానని అన్న చోట ‘అప్‌హోల్డ్’. విధులు నిర్వర్తిస్తానని అన్న చోట ‘డిశ్చార్జ్ మై డ్యూటీస్’. ఆసుపత్రిలో తప్ప డిశ్చార్జ్ మనకు తెలియదు, ఇదిగో ఇక్కడుంది. రాజ్యాంగం మూడో షెడ్యూల్ తీసి తెలుగు ప్రతి, ఇంగ్లిష్ ప్రతి పక్కపక్కన పెట్టుకుని చదువు. జంట మాటలు నేర్చుకోవడానికి నాకు తెలిసి అంతకన్నా మంచి పేజీ లేదు.

హైకోర్టు గుమస్తా, సాయంత్రం 5:20

అక్క చెప్పినదానికి ఆర్డినెన్స్ చేర్చండి. ఆర్డినెన్స్‌ని పాస్ చేయరు, ‘ప్రొమల్గేట్’ చేస్తారు. సభ మళ్లీ కూర్చున్న ఆరు వారాల్లోపు ఆమోదం రాకపోతే అది ‘సీజెస్ టు ఆపరేట్’. బిల్లు సభ రద్దుతో మురిగిపోతే ‘ల్యాప్స్’. అవిశ్వాస తీర్మానం ప్రతిపక్షం ‘మూవ్’ చేస్తుంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ఒక్క ఓటుతో ఓడినది అవిశ్వాసం కాదు, ఆయనే పెట్టిన విశ్వాస తీర్మానం. ‘లాస్ట్ ది కాన్ఫిడెన్స్ మోషన్’ అని రాయాలి. పరీక్షల్లో చాలామంది ఇక్కడ జారిపోతారు.

అశోక్‌నగర్ అభ్యర్థి, రాత్రి 8:30

ఒక పేరా మళ్లీ రాశాను. దయచేసి చూడండి.

‘ది ఆంధ్రప్రదేశ్ రీఆర్గనైజేషన్ బిల్ వాజ్ ఇంట్రడ్యూస్డ్ ఇన్ ది లోక్‌సభ ఇన్ ఫిబ్రవరి 2014. ది లోక్‌సభ పాస్డ్ ఇట్ ఆన్ 18 ఫిబ్రవరి అండ్ ది రాజ్యసభ ఆన్ 20 ఫిబ్రవరి. ఇట్ రిసీవ్డ్ ది ప్రెసిడెంట్స్ అసెంట్ ఆన్ 1 మార్చి. తెలంగాణ కేమ్ ఇంటు బీయింగ్ ఆన్ 2 జూన్ 2014, అండ్ ది ఫస్ట్ గవర్నమెంట్ కేమ్ టు ది పవర్ ఆన్ ది సేమ్ డే. ది గవర్నర్ డిజాల్వ్డ్ ది అసెంబ్లీ ఆన్ 6 సెప్టెంబర్ 2018, అండ్ ఎలక్షన్స్ వర్ హెల్డ్ ఆన్ 7 డిసెంబర్.’

పాతబస్తీ పెద్దాయన, రాత్రి 8:50

నిన్న క్యాన్సిల్ అన్నవాడివి, ఈ రోజు ఇలా రాశావు. చాలా సంతోషంగా ఉంది బాబూ.

రిటైర్డ్ ఇంగ్లిష్ టీచర్, సికింద్రాబాద్, రాత్రి 9:05

‘కేమ్ ఇంటు బీయింగ్’ నీకు ఎవరూ చెప్పలేదు, నువ్వే వెతుక్కున్నావు. అది చూసి మనసు నిండింది. ఒక్కటి దిద్దుకో. అధికారంలోకి రావడం ‘కమ్ టు పవర్’. మధ్యలో ‘ది’ ఉండదు. ‘ఇన్ పవర్’లోనూ అంతే, ‘టేక్ ఆఫీస్’లోనూ అంతే.

అశోక్‌నగర్ అభ్యర్థి, రాత్రి 9:12

తీసేశాను మేడం. ఎల్లుండి ఇంకో మాక్ ఉంది, ఆ పేపర్ కూడా ఇక్కడే పెడతాను.